ఐదు గ్లాసుల పగ

నేను ఒక గాజు జగ్గును. పొట్ట మీద నిమ్మబద్ద బొమ్మ, వెంట అదే బొమ్మతో ఆరు గ్లాసులు. మమ్మల్నందరినీ కలిపి లెమన్ సెట్ అంటారు. మంచం కింద అట్టపెట్టెలో పడి ఉండగా, ఏళ్ళుగా ఎదురుచూసిన కబురు ఫోన్లో వచ్చింది.

"ఒరేయ్ కిరీటీ! రేపు మేం నలుగురం వస్తున్నాంరా. నీ కొత్త కాపురం చూడొద్దూ?"

ఆ గొంతు మరిచిపోతానా! కిరీటి పెద్దమ్మ శేషారత్నం. చుట్టాలొస్తున్నారని కిరీటి, అతని కొత్త పెళ్ళాం మైథిలి గంతులేశారు. నేను పళ్ళు నూరాను. నాకు పళ్ళు లేవు. ఆవిడకూ లేవు. గొడవంతా అక్కడే మొదలైంది.

కొలిమిలో కరిగి, గాలి ఊదితే ఉబ్బి, ఎండన పడి వచ్చినవాళ్ళకు చల్లగా నిమ్మరసం పోయాలని కలలు కంటూ కాకినాడలో ఆవిడ గృహప్రవేశానికి వచ్చాను. ఆవిడ ఒక్క గ్లాసు తీసి, అందులో కట్టుడుపళ్ళు నానేసుకుంది. మిగిలిన మమ్మల్ని మెరుపు కాగితంలో చుట్టి ఎవరి పెళ్ళిలోనో చదివించేసింది.

ఆపైన నన్నెవరూ విప్పలేదు. పాత కాగితం మీదే కొత్త కాగితం, కొత్త పేరు. నన్ను పట్టుకుని ఫొటోకి నవ్వేవారు, అటకెక్కించేవారు, ఇంకో పెళ్ళికి దించేవారు. ఒక్కరికైనా దాహం వేయలేదు! తిరిగి తిరిగి శేషారత్నం కూతురి పెళ్ళికే చేరాను. ఆవిడ పెట్టె ఊపి, "లెమన్ సెట్టే. మన కిరీటికి ఇచ్చేద్దాం" అంది. విప్పి చూస్తే కదా!

"రేపు మనతో కలిపి ఆరుగురం. గ్లాసులు చాలవండోయ్" అంటూ మైథిలి నా కాగితాలు చింపేసింది. కడిగి, రేపటిదాకా ఆగలేక కుండలో నీళ్ళు నాలో నింపింది. వంటింటి గడప మీద ఇరుక్కుని కూర్చుని ఇద్దరూ గటగటా తాగారు. "అబ్బ, ఎంత బావున్నాయో!" అంది. ఉత్త మంచినీళ్ళకే!

నా పొట్ట చల్లబడింది. పగ కూడా చల్లబడుతుందేమోనని భయమేసింది. సంతోషమంటే ఇంతేనా, ఒకరి గొంతు తడవడం? ఇంత చిన్నదాన్ని ఇన్నేళ్ళు నాకు దక్కనివ్వని మనిషిని ఎలా వదలను?

"ఇదేంటండీ, ఐదే ఉన్నాయి!" మైథిలి గ్లాసు మీది బొమ్మ కేసి చూసి కెవ్వుమంది. "మొన్న భోజనానికి పిలిచినప్పుడు పెద్దత్తయ్యగారి బాత్రూములో చూశా. ఇదే గ్లాసు! అందులో పళ్ళసెట్టు!"

కిరీటికి నవ్వుతో పొలమారింది. "పెద్దమ్మని ఏమనకే, నీకు పుణ్యముంటుంది!"

"నేనెందుకంటాను? రేపు అందరికీ నిమ్మరసం ఈ గ్లాసుల్లో. ఆవిడకి మాత్రం స్టీలు గ్లాసులో ఇచ్చి, 'ఆరోది మీ దగ్గరే ఉందిగా పెద్దత్తయ్యగారూ, ఈసారి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోండి' అంటా. అంతే."