ముందుకొచ్చిన ఉరుమి

అయ్యసామి ఆ ఉదయం కంప్యూటర్ తెర మీద ఒక ఆటగాడి మోచేతి చుట్టూ గీత గీస్తున్నాడు. చదునైన వీడియోలోని మనుషులను అంచు వెంబడి ఒక్కొక్కరినే విడదీసి, ఎవరు దగ్గర, ఎవరు దూరం అని లోతు ఇవ్వడం ఆయన పని. నల్లకళ్లద్దాలు పెట్టుకుని చూస్తే బొమ్మ తెరలోంచి లేచి వస్తుంది. గుబురు మీసం, బండబారిన వేళ్లు. మేలూరు పొలంలో కలుపు తీసిన ఓపికంతా ఇప్పుడు ఈ మౌసుకే. ఈ పనిలో తనను మించినవాడు మాట్టుతావణి బస్టాండు చుట్టుపక్కల లేడని ఆయన నమ్మకం. అది పెద్ద అబద్ధం కూడా కాదు.

స్టూడియో యజమానురాలు రంజని, సూలూరులో పవర్‌లూములు నడిపే ఇంటి పిల్ల, విసురుగా వచ్చింది.

"అన్నా, మనం లోతు ఇచ్చిన దేవరాట్టం ఆట వీడియోను ఇంకో కంపెనీవాళ్లు అమ్ముతా ఉండారు. మేమే చేస్తిమి అంటారు. వీడియో తీసిన కందసామి ఇద్దరికీ పర్మిషన్ ఇచ్చిండాడు. లోతు మనదని ఎట్ల రుజువు చేసేది?"

ఆయన అద్దాలు పెట్టుకుని వాళ్ల బొమ్మ చూశాడు. నవ్వాడు.

"దీంట్లో ఉరుమి డోలు కొట్టే ఆయప్ప ఆటగాళ్లకు ముందర నిలబడి ఉండాడు గదమ్మా. నిజానికి ఆయప్ప వరస వెనక. కాళ్లు కనబడలా గాబట్టి ఎవరికీ తెలవదని నేనే ముందుకు తెస్తిని."

"తప్పా?"

"ఆమా, తప్పే. ఉరుమికి మొక్కకుండా మా ఊర్లో ఆటకు కాలు లేవదు. దాన్ని వెనక పెట్టేదానికి నాకు చేతులు రాలా. వాళ్లకు ఆ తప్పే ఎట్ల వస్తాది?"

రంజని గుండె కుదుటపడింది, వెంటనే బరువెక్కింది. ఉన్నది ఉన్నట్టు ఉంచాలన్న షరతు మీదే కందసామి అనుమతి ఇచ్చాడు. ఈ తప్పు కోర్టుకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే దొంగ దొరుకుతాడు, అనుమతి పోతుంది. ఆమె ఫోన్ చేసి ఉన్నది చెబితే కందసామి కాసేపు గుర్రుమని చివరికి మెత్తబడ్డాడు. అనుమతి నిలవాలంటే బొమ్మ సరిదిద్దాలి, మార్చినవాడు ఇక ఆ స్టూడియోలో ఉండకూడదు అన్నాడు.

"నీవు రాసియ్యొద్దులే అన్నా. వాళ్ల మీద కేసు పోతే పోనీ" అంది రంజని. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

"కేసు పోతే నీ ఆఫీసు పోతాది. నాకు మేలూర్లో నేల ఉండాది. ఈ పని నాదని అందరికీ తెలవాల గదా?"

ఆయన ఒప్పుకోలు కాగితం మీద బెరుకు లేకుండా సంతకం చేశాడు. ఉరుమి కొట్టే మనిషిని తన చేత్తోనే వరస వెనక్కి జరిపాడు. అదొక్కటే ఆయనకు కష్టమైంది. మధ్యాహ్నం బస్సుకు మేలూరు వెళ్లిపోయాడు.

సాయంత్రం రంజని ఆయన పనిచేసిన గది తలుపు తీసింది. ఏసీ చలికి ఆయన మెడకు చుట్టుకునే తుండుగుడ్డ కుర్చీలో ఉంది, చుట్టిన చుట్టు విడకుండా, లోపల ఒక మెడ పట్టేంత ఖాళీతో.