గాలి కన్నం

ఆ కంపు కోడలు కాపురానికి వచ్చాకే మొదలైందట. అంతకు ముందు నీలం పడవ పక్కనుంచి వెళ్తే సబ్బు వాసన వచ్చేదట, ఇప్పుడు ముక్కు పట్టుకుని పరుగెత్తాలట. అన్నది ఎదుటి పడవ ఆవిడ. విన్నది ఐసు బండివాడు. రేవు మెట్ల దగ్గర ఐసు దిమ్మను గోనెపట్టాలో చుట్టి ఇస్తూ, "నా మాటగా అనుకోకమ్మా, ఆవిడ అన్నదే చెబుతున్నా" అని మొదలుపెట్టి, ఆవిడ అనని రెండు ముక్కలు కూడా కలిపి, సాక్షాత్తూ ఆ కోడలి చెవినే వేశాడు.

కోడలు ఐసు చంకన పెట్టుకుని వచ్చేసింది. తల కొట్టేసినట్టయింది గానీ ఏడవబుద్ధి కాలేదు. ఒళ్ళు మండింది, అంతే.

ఎదుటి పడవ ఆవిడను రేవులో అందరూ రేడియో అంటారు. ఆవిడకు కనపడనిది లేదు, ఆవిడ కడుపులో దాగేది లేదు. వేసవి మొదట్లో ఓసారి, "ఏంటక్కయ్యా, మీ వైపు గాలి తిరిగితే మాకు అన్నం సయించడం లేదు" అని గట్టు మీదినుంచి నలుగురూ వినేలా అరిచింది. ఆ రోజు అత్తగారి మొహం నల్లగా మాడిపోయింది. రెండు రోజులు బయటికే రాలేదు. ఆ తర్వాత బయటి గాలికి కంపు తగ్గిన మాట నిజమే. కానీ పడవ లోపల మాత్రం అంతకు నాలుగింతలైంది. అదెందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఈ మధ్య పట్టలేక తలుపుల సందులోంచి కూడా బయటికి తన్నుకు వస్తోంది.

ఆ నీలం పడవే వాళ్ళ ఇల్లు. ముందు గదిలో మంచం, ఆ మంచం కింద మరుగుదొడ్డి ట్యాంకు. ఆ గది అత్తగారిది.

ఐసు పెట్టెలో ఐసు వేసి చూసేసరికి తలుపుకు కాగితం అంటించి ఉంది. రేవు సూపరింటెండెంటు సంతకం. శనివారం మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి చూస్తాడట. అప్పటికి కంపు పోకపోతే పడవను గట్టు నుంచి విప్పి, దూరాన నీళ్ళ మధ్య తేలే పీపాకు కట్టిస్తాడట.

మొగుడు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి కాగితం చదివాడు. పెద్ద పడవలో ఇంజను నడిపే మనిషి. రోజంతా ఆ చప్పుడులో ఉండి ఇంటికి వచ్చాక కూడా కేకేసినట్టే మాట్లాడతాడు. "పోనీలే, పీపాకే కట్టుకుందాం. అక్కడ రేడియో పీడ కూడా ఉండదు" అన్నాడు.

"అక్కడినుంచి గట్టుకు రావాలంటే తాడు నిచ్చెన దిగి చిన్న పడవ ఎక్కాలి. మీ అమ్మ దిగుతుందా?"

ఆవిడ రెండు మోకాళ్ళకూ ఆపరేషనైంది. గట్టుకూ పడవకూ మధ్య వేసిన పలక మీద నాలుగడుగులేసి, రోజూ పొద్దున గట్టు చివరి బెంచీ దాకా నడిచి వస్తుంది. నడక ఆపితే ఆ కాళ్ళు మళ్ళీ లేవవని డాక్టరు ముందే చెప్పాడు. పడవ పీపాకు వెళ్ళిందంటే ఆవిడ మంచం మనిషైపోయినట్టే.

"శనివారానికి నాలుగు రోజులుంది. ఈ కంపు సంగతి తేలుస్తా" అంది కోడలు.

"ఏం చేస్తావే?"

"ముందు మీ అమ్మ చేసేది ఆపిస్తా."

అత్తగారు శుభ్రానికి పెట్టింది పేరు. పొద్దున ఫినాయిల్, మధ్యాహ్నం బ్లీచింగు, సాయంత్రం గులాబీ వాసన బిళ్ళలు. అన్నీ మరుగుదొడ్డి గిన్నెలో, అన్నీ అదే ట్యాంకులోకి. కంపుకు తోడు కళ్ళు మండేవి. గులాబీ పూల మధ్య చచ్చిన ఎలుకలా ఉండేది గది.

"అత్తయ్యా, ఇవాళ్టినుంచి ఏమీ పొయ్యకండి. ఉత్త నీళ్ళే."

"పోసినా ఇలా ఉంది, పొయ్యకపోతే మనుషులుంటారా ఇక్కడ? మా ఇంట్లో నాకే శుభ్రం నేర్పుతున్నావా అమ్మాయ్!"

"నేర్పేంతదాన్ని కాదు. నేను పనిచేసిన పాల డెయిరీలో క్యాన్లు కడిగిన నీళ్ళకు గుంట ఉండేది. కొత్త మేనేజరొచ్చి దాంట్లో బ్లీచింగు కుమ్మరించాడు. మూడో రోజుకు ఊరు ఊరంతా ముక్కు మూసుకుంది. ఆ మురుగును తినే పురుగులుంటాయి, కంటికి కనపడవు. వాటిని చంపేశాడాయన. మళ్ళీ గాలి కొట్టి, నీళ్ళు కలిపితే గానీ దారికి రాలేదు."

"ట్యాంకులో పురుగులు పెంచమంటావు."

"అవునత్తయ్యా. పెంచుదాం."

అత్తగారు ఫినాయిల్ సీసాను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తన గదిలోకి పోయింది. కోడలు వెంట వెళ్ళి సీసా తీసుకుంది. ఇద్దరూ ఒక్క క్షణం చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. చివరికి పెద్దావిడే వదిలింది. "శనివారం దాకా. ఆ తర్వాత నీకూ నాకూ."

బుధవారం ట్యాంకు తోడే యంత్రం దగ్గరికి పడవను తీసుకెళ్ళారు. ఖాళీ చేయించి, మంచినీళ్ళు నింపి, మళ్ళీ తోడించి, అలా మూడుసార్లు చేయించింది. యంత్రం పెద్దాయన చెవి ఒగ్గి విన్నాడు. "మీ ట్యాంకు తేలిగ్గా వదలడం లేదమ్మా. ఏదో బిగబట్టినట్టుంది" అన్నాడు. అతను తోడుతుంటే మరుగుదొడ్లో గిన్నె గుడగుడమంది. కోడలు ఆ మాటను మనసులో ఓ మూల పెట్టుకుంది గానీ అప్పుడు ఆలోచించే తీరిక లేదు.

ఖాళీ ట్యాంకుతో తిరిగొచ్చారు. ఉత్త ట్యాంకు. అయినా పొద్దువాలేసరికి గదిలో కంపు. మొగుడు పకపకా నవ్వాడు. "ఇది ట్యాంకుది కాదు, మా వంశానిది!"

"నవ్వండి. వేడినీళ్ళు పెట్టి నవ్వండి" అంది.

డెయిరీలో పాల గొట్టాలు కడిగిన చెయ్యి ఆమెది. రబ్బరు గొట్టం పాతబడితే వాసన తాగుతుంది. లోపల ఎంత కడిగినా ఒంటినిండా పట్టిన వాసన బయటికి ఊరుతూనే ఉంటుంది. అది ఏ గొట్టమో తెలుసుకోవడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. ఉతికిన గుడ్డను వేడినీళ్ళలో ముంచి, పిండి, గొట్టం మీద చుట్టాలి. చల్లారాక తీసి, గది బయటికి తీసుకెళ్ళి, అక్కడ వాసన చూడాలి. గొట్టం దగ్గరే చూస్తే ముక్కు మోసపోతుంది.

మంచం పరుపెత్తి, పలకలు తీసి, బోర్లా పడుకుని అయిదు చోట్ల అయిదు గుడ్డలు చుట్టింది. ఒక్కో దాన్నీ పైకి పట్టుకెళ్ళి గాలిలో మూచూసింది. మొదటిది సబ్బు. రెండోదీ సబ్బే. మూడోది ముక్కు దగ్గరికి తేగానే చటుక్కున దూరం జరిపింది. గిన్నెనుంచి ట్యాంకుకు పోయే గొట్టం, మధ్యలో ఊయలలా కిందికి వేలాడిన చోట. పారింది కొంచెం కొంచెంగా అక్కడే ఆగి, నెలలు నెలలు నానింది. ఆ చోట సుద్దముక్కతో గీత పెట్టింది.

గురువారం పైపుల కొట్టుకు వెళ్ళి వాసన పట్టని మందపాటి గొట్టం తెచ్చింది. పాతది ఊడి వస్తేగా! మొగుడు తలకిందులుగా వేలాడి లాగాడు, తిట్టాడు, కాలితో తన్నాడు. కొసమీద కాగే నీళ్ళు పోసి, మెత్తబడ్డాక కత్తితో నిలువునా చీరితే వచ్చింది. వస్తూ వస్తూ లోపల మిగిలిన కాస్తా వాడి చొక్కా మీద పోసింది. తలుపు దగ్గర నిలబడ్డ తల్లిని చూసి, "అమ్మా, ఫినాయిల్ ఇవ్వవే" అన్నాడు దీనంగా.

"మీ ఆవిణ్ణడుగు. బీరువా తాళం ఆవిడ దగ్గరుంది" అందావిడ. నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. అత్తాకోడళ్ళు ఒకే మాటకు నవ్వడం ఈ నాలుగు నెలల్లో అదే మొదలు.

కొత్త గొట్టం ఎక్కడా వేలాడకుండా కింద చెక్కలు పెట్టి బిగించింది. మూడు వంతుల కంపు ఆ పూటే పోయింది. కానీ గిన్నెలో నీళ్ళు కొట్టిన ప్రతిసారీ గుడగుడమని బుడగలు లేచి, గుప్పుమని ఓ ఊపు వచ్చేది. శుక్రవారం పొద్దున నాలుగుసార్లు కొట్టి చూసింది. నాలుగుసార్లూ అంతే. యంత్రం పెద్దాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు లోపలికి పోతే లోపలున్న గాలి ఎటు పోవాలి? ట్యాంకు నెత్తినుంచి సన్నటి గొట్టం ఒకటి పైకి పోయి పడవ పక్క చెక్కలో కన్నంగా తేలుతుంది. ట్యాంకు ఊపిరి పీల్చేది, వదిలేది అక్కడే.

చిన్న పడవలో దిగి, చేత్తో నెట్టుకుంటూ పక్కవైపుకు వెళ్ళింది. పై అంచు కింద, పైనుంచి చూస్తే కనపడని చోట, వేలు పట్టేంత కన్నం. అందులో గుడ్డ కుక్కి ఉంది. ఊరికే కుక్కడం కాదు, పైన కొవ్వొత్తి కరిగించి నున్నగా పూశారు.

చాకుతో మైనం గీకి గుడ్డ లాగింది. బుస్సుమని గాలి మొహాన కొట్టింది. పడవ ఊగి నీళ్ళలో పడబోయి, అంచును పట్టుకుని నిలదొక్కుకుంది. కళ్ళనీళ్ళు తుడుచుకుని గుడ్డ విప్పి చూసింది. ఎర్ర అంచు చేతిరుమాలులో సగం. దాని రెండో సగం వంటగదిలో గిన్నెలు తుడిచే గుడ్డగా వేలాడుతోంది. అంత పొందికగా, అంత శ్రద్ధగా పని చేసే చెయ్యి ఆ పడవలో ఒక్కటే.

తలెత్తింది. అంచు మీద చేతులానించి అత్తగారు చూస్తోంది. ఎంతసేపటినుంచో.

ఆ మోకాళ్ళతో ఆ అంచు మీద బోర్లా ఎలా పడుకుందో, ఎవరూ చూడకుండా ఎంత తంటాలు పడిందో అనుకుంటే కోడలికి కోపం రాలేదు. గుడ్డను మడిచి జేబులో పెట్టుకుంది. "కాస్త ఇనుప తీగ అందించండత్తయ్యా. లోపల మైనం దిగినట్టుంది" అంది.

తీగ వచ్చింది. దాని వెనకే సన్నటి గొంతు వచ్చింది. "గాలి అటు తిరిగింది. రేడియో పడవ మీదికి. శనివారం దాకా మూసి ఉంచితే ఏం పోయింది?"

"ఇవాళ కంపు కొడుతుంది. ఊపిరాడితే రేపటికి సర్దుకుంటుంది."

"సర్దుకోకపోతే?"

"పలక మీదినుంచి గట్టుకు నడిచేది మీరు. కాళ్ళు మీవి. మీరు మూయమంటే ఇప్పుడే మూస్తా, చెప్పండి."

పెద్దావిడ ఎదుటి పడవ కిటికీ వైపు చూసింది. తర్వాత చెయ్యి చాచి, "మైనం గీకిన చాకు ఇలా ఇయ్యి, కడుగుతా" అంది.

ఆ రోజంతా రేడియో మోగుతూనే ఉంది. కిటికీలు దడాలున మూసింది, అగరొత్తులు వెలిగించింది, గట్టు మీద పోయేవాళ్ళను పేరుపేరునా పిలిచి వాసన చూపించింది. కోడలు గంటకోసారి ట్యాంకులోకి రెండు చెంబుల మంచినీళ్ళు పోస్తూ, కన్నం దగ్గర దీపపు వత్తి పట్టుకుని పొగ అటూ ఇటూ ఆడుతోందో లేదో చూస్తూ గడిపింది.

శనివారం పన్నెండు కొట్టకముందే సూపరింటెండెంటు వచ్చాడు. ఆయన వెనక పిలవకుండానే రేడియో. ఆయన ముందు గదిలో మంచం దగ్గర వంగి ముక్కు ఎగబీల్చాడు. మరుగుదొడ్లో నీళ్ళు కొట్టించాడు. గుడగుడ లేదు. బయటికి వచ్చి, చిన్న పడవలో దిగి కన్నం దగ్గర ముక్కు పెట్టాడు, ఇంకోసారి పెట్టాడు.

"తడి మట్టి వాసన" అన్నాడు. పైకొచ్చి తలుపు మీది కాగితం తనే చింపి జేబులో పెట్టుకున్నాడు. "ఏం చేశారమ్మా?"

"పాత గొట్టం మార్చామండీ. గాలి కన్నం మూసుకుపోతే తెరిచాం" అంది కోడలు.

గట్టు మీద నిలబడ్డ రేడియో కళ్ళు మెరిశాయి. "మూసుకుపోవడమా? నిన్న నువ్వు అందులోంచి గుడ్డ లాగడం నా కిటికీలోంచి చూశానుగా! గుడ్డ తనంతట తాను దూరదు కదమ్మా. ఇంతకీ ఎవరు మూశారు దాన్ని?"

సూపరింటెండెంటు ఆగాడు. మొగుడు తన పెళ్ళాం వైపు చూశాడు. కోడలి చెయ్యి జేబులో గుడ్డ మీద బిగిసింది. నేనే అందామని నోరు తెరిచింది.

అత్తగారు పలక మీద నాలుగడుగులూ వేసి, గట్టెక్కి, రేడియోకు ఎదురుగా నిలబడింది.

"నీ నోరు మూయించలేక, నేనే మూశాను."