కనపడకూడని గీత

"గడ్డం దించు" అంటూ పిల్ల గడ్డాన్ని కిందికి నొక్కడం నాలుగు నెలలుగా నాకు అన్నం వార్చినంత మామూలు పనైపోయింది. మా కీర్తనకి ఎనిమిదేళ్ళు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. పుస్తకం ముందు పెడితే చాలు, తల వెనక్కి వాల్చి, గడ్డం పైకెత్తి, కళ్ళు కిందికి దించి చూసేది. మా అత్తయ్య అన్నమ్మగారు మధ్యలో దూరి "అదిగో, మళ్ళీ కప్పు కేసి చూస్తోంది, దానికి చదువేంటే" అనేది. నేను గడ్డం నొక్కేదాన్ని. నొక్కితే పుస్తకం తోసేసేది. తోసేస్తే వీపు మీద ఒకటి వేసేదాన్ని. ఆస్పత్రిలో పరాయి పిల్లలకి సూది వేసే ముందు పాటలు పాడి బుజ్జగించే నర్సుని నేను.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి దగ్గరివి కంటికి ఆనవు, బైఫోకల్ పెడితే చదువు సులువవుతుంది అని నాలుగు నెలల కిందట కళ్ళ డాక్టరమ్మ చెప్పింది. ముసలివాళ్ళు పెట్టుకునేదే. ఒకే అద్దంలో పై భాగం దూరానికి, కింది భాగం దగ్గరికి, రెండింటికీ మధ్య అడ్డంగా ఒక గీత. ఆ వారం నాకు వరసగా డ్యూటీలు పడ్డాయి. చీటీ తీసుకుని, పిల్లని వెంటబెట్టుకుని, మా ఆయన విజయ్ టాటీబంధ్ పేటలో ఉన్న కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాడు. రైల్వే ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. పిల్ల పని ఒక్కటైనా తనంతట తను నెత్తినేసుకున్నాడని పొంగిపోయాను. చీటీలో ఏముందో కూడా చూసుకోలేదు. రోజుకి నలభైమంది మందుచీటీలు రెండుసార్లు చదివే మనిషిని, నా కూతురి చీటీ చదవలేదు.

కళ్ళజోడు వచ్చింది గానీ చదువు రాలేదు. ఈ హిందీ ఊళ్ళో ఉన్న మా తెలుగు చర్చిలో ఆయన లేచి "మా పాప చూపు కోసం ప్రార్థన చేయండి" అని గొంతు వణికిస్తూ అడిగాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకుని, తప్పంతా నా కడుపుదే అన్నట్టు నాకేసి చూశారు. తర్వాత స్కూలువాళ్ళు పిలిచి, ఈ పిల్ల పుస్తకం వంక చూడనే చూడదు, పరీక్షలయ్యాక ఇంకెక్కడైనా వేసుకోండి అన్నారు. అభన్‌పూర్ దగ్గర ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హాస్టలుందట. ఆయన రెండు రోజుల్లో ఫారం తెచ్చి, తన సంతకం పెట్టి, నా సంతకం కోసం ఫ్రిజ్ మీద పెట్టాడు. "నీకూ కాస్త విశ్రాంతి, కమలా" అన్నాడు. నా విశ్రాంతి ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆయనకి గుర్తొచ్చింది.

సంతకం పెట్టే ముందు ఇంకొక్కసారి చూపిద్దామని పిల్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు వైపు చూసి మొహం చిట్లించింది. గీత సరిగ్గా నల్లగుడ్డు మధ్యకి రావాలని చీటీలో రాశాను, ఇదేంటి కింది రెప్ప దాకా దిగిపోయింది అంది. పిల్లలు పెద్దవాళ్ళలా కళ్ళు మాత్రమే దించి చూసుకోలేరట. ఇంత కిందున్న అద్దంలోంచి చూడాలంటే తల వెనక్కి వాల్చాల్సిందేనట. అంటే నా కూతురు నాలుగు నెలలుగా చదవడానికే గడ్డం ఎత్తుతోంది. దించి కూర్చోబెట్టింది నేను. ఆ చెయ్యి విరిచేసుకోవాలనిపించింది.

ఆటో ఎక్కి నేరుగా దుకాణానికి వెళ్ళి అద్దాలు బిగించిన ఉమేష్ మీద విరుచుకుపడ్డాను. పాపం, అతను పిల్ల ముందు తల వంచుకున్నాడు.

"మేడమ్, మై తో ఊపర్ హీ లగా రహా థా. సాబ్ నే మనా కియా."

తను పైనే పెట్టబోతే సాబ్ వద్దన్నాడట. గీత కంటికి అడ్డంగా కనపడితే నలుగురూ అడుగుతారని, ఆడపిల్ల మొహమని, కనపడకుండా కిందికి దించమని మా ఆయనే చెప్పాడట. అలా పెడితే పనిచేయదని ఉమేష్ రెండుసార్లు చెప్పాడట. దానికి మా ఆయన "పఢ్ కే కౌన్ సీ కలెక్టర్ బనేగీ", చదివి ఏ కలెక్టరవుతుందిలే, అని నవ్వాడట.

మూడో రోజుకి కొత్త అద్దాలొచ్చాయి. కీర్తన మొదట వాళ్ళ నానమ్మ చేతి మీది పులిపిరి చూసి, వేలితో తడిమి, పకపకా నవ్వింది. తర్వాత పుస్తకం లాక్కుంది. గడ్డం దానంతటదే దిగింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పేరు చెప్పుకుంటూ పోయింది. అన్నీ వచ్చు దానికి.

ఉమేష్ చెప్పింది నిజమేనా అని అడిగితే ఆయన కాదనలేదు. కాదంటే కొంచెం నయంగా ఉండేదేమో. "దాని మంచికే కదా, నలుగురూ అంటే నీకు బాధ కాదా" అన్నాడు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ, మగాడన్నాక పరువు చూసుకోడా అని అత్తయ్య. హాస్టలు ఫారం నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. ఒళ్ళు మండిపోతూనే ఉంది. పిల్ల చూపు కంటే పరువు ఎక్కువైన మనిషికి వండి పెట్టడానికి ఆ పూట నా చేతులు లేవలేదు.

ఆదివారం చర్చికి వెళ్ళాం. కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు. దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయనే ముందు లేచాడు. "ప్రభువు మా పాపకి చూపు దయచేశాడు, మీ ప్రార్థనలకు వందనాలు" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. ఇంకెవరైనా ఉన్నారా అని పాస్టరు జ్ఞానప్రకాశంగారు అడిగారు. నేను లేచాను. పదేళ్ళుగా ఇక్కడ లేచినప్పుడల్లా నేను మొదలుపెట్టేది ఒక్కటే: నా భర్తను బట్టి దేవునికి స్తోత్రం. ఆ మాట కోసమే ఆయన కాలరు సర్దుకుని నాకేసి తిరిగాడు. పక్కనున్న అత్తయ్య అప్పుడే కళ్ళు మూసుకుంది. కీర్తన తలెత్తి, గీత ఉన్న అద్దాల్లోంచి నన్ను చూస్తోంది.

"ఆ చూపు నాలుగు నెలల కిందటే వచ్చేది" అన్నాను. "నా భర్తను బట్టి ఆగింది."