చేదుగా ఉంటేనే మందు

నేలవేము కాగే వాసన ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. మా ఇంట్లో రోజూ తెల్లారేది ఆ వాసనతోనే. గుప్పెడు ఎండు నేలవేము గిన్నెలో వేసి, నీళ్ళు పోసి, అరగ్లాసు మిగిలేదాకా సన్నని మంట మీద కాచాలి. పక్కనే నిలబడి కాచాలి. మంట పెంచితే మందు చచ్చిపోతుందని మా అత్తగారు చెప్పేవారు. పక్కన నిలబడ్డ మనిషి సంగతి ఆవిడేమీ చెప్పలేదు.

మా ఆయన వీర్రాజుకి అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్లుండే సందులో జెరాక్స్ షాపు. నేను పంజాగుట్టలో చీరల షోరూంలో పనిచేస్తాను. అడిగిన చీరా అడగని చీరా విప్పి చూపించి, వాళ్ళు "మళ్ళీ వస్తాం" అని వెళ్ళిపోయాక అన్నీ మడతపెట్టడం నా ఉద్యోగం. సాయంత్రానికి కాళ్ళు నావి కావు. మర్నాడు అందరికంటే ముందు లేచి మళ్ళీ ఆ గిన్నె ముందు నిలబడాలి. విసుగంటే మామూలు విసుగు కాదు.

తణుకు దగ్గర మా అత్తగారి ఊళ్ళో నేలవేముకి పెద్ద మర్యాద. జ్వరం వచ్చి ఓ పట్టాన వదలనివాళ్ళకీ, కామెర్లవాళ్ళకీ, కడుపులో నులిపురుగులున్న పిల్లలకీ ఆవిడ చేతి కషాయమే. తాగిన నోట్లో వెంటనే ఓ బెల్లంముక్క పెట్టేవారు. చేదు తాగినవాళ్ళకి తీపి పెట్టకుండా పంపడం మహాపాపం అనేవారు. పిల్లలు ఆ ముక్క కోసమే కళ్ళు గట్టిగా మూసుకుని గుటకేసేవారట. ఆ పిల్లల్లో మా ఆయన అందరికంటే ముందుండేవారట. ఆ మాట నేను తేలిగ్గానే నమ్మాను.

ఆయనకి షుగరొచ్చింది. డాక్టరు బిళ్ళలు రాసిచ్చింది. పై వాటాలో ఉండే రాజనర్సయ్యన్నకి ఈ సంగతి తెలిసి, మెట్ల మీదే ఆపి వైద్యం చెప్పేశాడు.

"గీ షుగర్‌కు నేలవేము మస్తు పనిచేస్తది అన్నా. చేదు లోపలికి పోయిందంటే తీపి సుత ఖతమే. నువ్వేం ఫికర్ జెయ్యకు."

మా ఆయనకి వాళ్ళమ్మే తిరిగొచ్చినంత సంతోషం. ఆ మర్నాటి నుంచి నాకు గిన్నె తప్పలేదు. కషాయం ఒక్క గుక్కలో తాగేసి చెయ్యి చాపేవారు, బెల్లానికి!

"షుగరు తగ్గాలని తాగి, పైన బెల్లం తింటారేంటండీ?"

"ఆచారమే అది. అయినా లోపల చేదుంది కదా, ఈ కాస్త తీపినీ అదే చూసుకుంటుంది."

ఆ బెల్లంముక్క కొన్నాళ్ళకి సగం కాజా అయింది. తర్వాత నిండు కాజా అయింది. చేదు తాగానన్న ధైర్యంతో ఆయన పెళ్ళిళ్ళలో రెండోసారి కూడా స్వీటు వడ్డించుకునేవారు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చెవిన వేసుకుంటేగా. చివరికి నాకూ ఓపిక పోయింది. బిళ్ళలెలాగూ వేసుకుంటున్నారు కదా అని ఊరుకున్నాను.

ఉగాదికి కొన్న కొత్త చెప్పులు ఆయన కుడికాలి చిటికెన వేలిని కరిచాయి. చిన్న పుండే. పసుపు రాసుకున్నారు. తగ్గలేదు. నాకు కనబడకుండా సాక్సు తొడుక్కుని తిరగడం మొదలుపెట్టారు. మే నెలలో సాక్సులేంటని ఓ పొద్దున బలవంతంగా విప్పదీస్తే, వేలు నల్లగా కందిపోయి చీము పట్టి ఉంది. షోరూంకి ఫోన్ చేసి సెలవు పెట్టి, పంజాగుట్టలో ఆయనకి బిళ్ళలు రాసిచ్చిన డాక్టరు సుష్మిత క్లినిక్‌కి తీసుకెళ్ళాను.

ఆ అమ్మాయి పుండు కడిగింది, రక్తం పరీక్ష చేయించింది. కాగితం చూసి ముఖం ముడిచింది.

"గోలీలు ఎప్పుడు బంద్ చేసిండ్రు సార్?"

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన నావైపు చూడలేదు.

"సంక్రాంతి ముందరే ఆపేశానమ్మా. ఇంట్లో నేలవేము కషాయం తాగుతున్నాగా. మా ఆవిడే కాచిస్తుంది, రోజూ."

ఎంత గర్వంగా చెప్పారో! డాక్టరు కళ్ళు నా మీదికొచ్చాయి.

"ఏందమ్మా ఇది? మీరన్నా చెప్పొద్దా? ఇంకొన్ని దినాలైతే వేలు తీసేసుడే ఉండె. ఇప్పుడు సుత షుగర్ దిగకుంటే వేలు ఉంటదని నేను చెప్పలేను. కషాయం తాగిండ్రని గోలీ మానుడేంది?"

నాకు తెలియదమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆయన చెబుతారని చూశాను. ఆయనేమో గోడ మీది గుండె బొమ్మ చూస్తూ కూర్చున్నారు. ఆయన చేసిన తప్పుకి నేను తలొంచుకుని తిట్లు తిన్నాను. అప్పుడొచ్చిన ఏడుపు కాలి గురించో, నా గురించో నాకే తెలియలేదు.

మర్నాడు పొద్దున నేను పొయ్యి వెలిగించలేదు. ఆయన కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. అరచేతిలో బిళ్ళ పెట్టాను.

"కషాయమేదీ?"

"కాయలేదు. కాయను కూడా. ముందిది వేసుకోండి."

"గింజంత బిళ్ళ. రుచీ లేదు, పచీ లేదు. గుటుక్కున మింగితే ఎటు పోతుందో తెలీదు. చేదుగా ఉంటేనే మందు ఉదయా. అది గొంతులో దిగుతుంటే తెలుస్తుంది, పని చేస్తోందని. అమ్మ ఉంటేనా..."

"అత్తయ్యగారు జ్వరానికిచ్చారండీ! షుగరుకిమ్మని ఎవరికి చెప్పారావిడ? వేలు తీసేసిన రోజున మీతో పాటు ఆ ఆస్పత్రి బెంచీ మీద కూర్చునేది నేను. నాకింక ఓపిక లేదు. మీ కాలు, మీ ఇష్టం!"

నా గొంతు అంతలా లేవడం నేనే ఎప్పుడూ వినలేదు. ఆయన బిత్తరపోయి బిళ్ళ నోట్లో వేసుకున్నారు. నేను నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. మా నీళ్ళ ఫిల్టరులో గ్లాసు నిండడానికి యుగం పడుతుంది. ఇంతలో ఆయనకి ఫోనొచ్చింది. ఎవరో స్టూడెంటు ప్రాజెక్టు బైండింగు కోసం షట్టర్ ముందు నిలబడ్డాడట. వస్తున్నా, ఆగమని ఈయన నోట్లో బిళ్ళతోనే సమాధానం చెబుతున్నారు.

నేను నీళ్ళు తెచ్చేసరికి మాట మధ్యలో ఆగిపోయి ఉంది. ముఖమంతా ముడతలు పడింది. కళ్ళలో నీళ్ళు. ఫోను పక్కన పడేసి, నా చేతిలో గ్లాసు లాక్కుని గటగటా తాగేశారు.

"ఏంటే ఇది! నాలిక మీద కరిగిపోయింది. అబ్బ... ఇంత చేదా!"

ఆయన ఆ బిళ్ళల అట్టని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశారు. ఆ చూపులో భక్తి ఉంది.

"దీని ముందు నీ కషాయం దేనికీ పనికిరాదే. పొద్దున ఒకటేనా, సాయంత్రం కూడా వేసుకోమందా ఆ డాక్టరమ్మ?"

"సాయంత్రం కూడా ఉంది. మింగడమే, నమలక్కర్లేదు."

"గుర్తు చెయ్యి మరి."

ఇన్నాళ్ళూ నిద్ర మానుకుని కాచినదాన్ని ఒక్క మాటతో తీసిపారేశారు. ఎంత కోపం రావాలి నాకు! రాలేదు. వేలు నిలుస్తుందేమో అన్న ఆశ ఒక్కటే వచ్చింది. దాని వెనకే నిద్ర ముంచుకొచ్చింది. అక్కడే నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

"ఏమైందే?" అన్నారాయన.

"ఏం లేదు. రేపు పొద్దున నన్ను లేపకండి."