ముందు మీరు కాల్చండి

అక్షరదోషాలుంటే మన్నించండి. మా ఆయన పోయాకే, చర్చి వెనక గదిలో పెట్టిన రాత్రిబడిలో ఓనమాలు దిద్దాను. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. నేను ఒక పేజీ రాసేలోపు మా అబ్బాయి హెన్రీ ఆకాశం సగం ఖాళీ చేసేవాడు.

హెన్రీ తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు నేర్పే మాస్టారు. పగలు పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి యుద్ధవిమానాలు నడిపేవాడు, కంప్యూటర్ తెర మీదే. నిజం విమానాన్ని దగ్గరగా చూసిన పాపాన పోలేదు. మా ఊళ్లో పాత యుద్ధం నాటి రన్‌వే ఉంది గానీ, నేనెరిగి దాని మీద ఎండింది ధాన్యం, దిగింది కొంగలు.

ఆ ఆటకి వాడి దగ్గరో సిద్ధాంతం ఉంది. పేరు ఎనర్జీ. వినేవాళ్లు దొరక్క నాకు చెప్పేవాడు.

"అమ్మా, రైలు వంతెన ఎక్కేటప్పుడు సైకిల్ తొక్కలేక రొప్పుతాం కదా. దిగేటప్పుడు తొక్కకుండానే దూసుకుపోతాం. ఎక్కేటప్పుడు పోయిన వేగం ఎత్తులో దాక్కుందన్నమాట. విమానమూ అంతే. శత్రువు కంటే పైన ఉండాలి. మీదకి దూకి, కాల్చి, ఆ ఊపుతోనే మళ్లీ పైకి పోవాలి. వాడితో పాటు గిరగిరా తిరిగామా, వేగం కారిపోద్ది. వేగం లేకపోతే రెక్కలకి గాలి పట్టు ఉండదు. రాయిలా పడతాం."

"దిగేచోట ఉల్లిపాయల లారీ అడ్డం ఉంటేనో?"

"లారీ గురించి కాదమ్మా!"

మా ఇంట్లో ప్రార్థన చేయందే కంచం ముట్టుకోం. ఆ కాసేపే వాడి చేతులు చేతుల్లా ఉండేవి. ఆమేన్ అనగానే విమానాలయ్యేవి. కుడిచెయ్యి ఎడమచేతిని తరిమేది, చారు నా చీర మీద పడేది.

ఇదంతా నవ్వుకుని ఊరుకోవచ్చు, వాడికి పెళ్లి కావాల్సి లేకపోతే. ముప్పై మూడేళ్లు వచ్చాయి. పెంటపాడు అమ్మాయితో మాట్లాడమని వరండాలో కూర్చోబెడితే, "వెనక నుంచి విమానం వస్తే మీరేం చేస్తారండీ?" అని అడిగాడట. ఆ పిల్ల లోపలికి వెళ్లి మళ్లీ బయటికి రాలేదు. గుండుగొలను వాళ్లు "అబ్బాయికి ఒంట్లో బాగానే ఉంటుందా అండీ?" అని ఎంతో మర్యాదగా కనుక్కుని, అంతే మర్యాదగా మానుకున్నారు.

ఏలూరు సంబంధం వచ్చినప్పుడు గట్టిగా చెప్పాను. "ఒరే, ఇదీ పోతే నేనిక వెతకను. అక్కడ విమానం మాట ఎత్తకు."

"ఎత్తనమ్మా."

పెళ్లికూతురు రమ్య. తల్లీ తండ్రీ లేరు, ఇంటికి పెద్ద అన్న రూబెన్. కొల్లేరులో ప్రభుత్వం చెరువు గట్లు కొట్టేసినప్పుడు అతని చేపల చెరువూ పోయింది. ఏలూరు వచ్చి పవర్‌పేటలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. కింద సెంటర్, పైన కాపురం. బోర్డు మీద పేరు అన్నది. తలుపులు తీయడం, మిషన్లు బాగుచేయించడం, పోకిరీ వెధవల్ని బయటికి నెట్టడం చెల్లెలి పని.

"లోపలికి రండమ్మగారూ" అని రమ్య నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పటికే హెన్రీ చూపు మూలనున్న మిషన్ మీద పడింది. దాని ముందు విమానం నడిపే మీట ఉంది.

"మీరూ ఎగురుతారా అండీ?" అన్నాడు హెన్రీ.

"ఏదో, అప్పుడప్పుడండీ. మీరో?" అన్నాడు రూబెన్.

"ఏదో, కొంచెమండీ."

ఇద్దరూ అబద్ధాలే. రమ్య టీ తెచ్చేసరికి ఇద్దరూ పక్కపక్క మిషన్ల ముందు కూర్చున్నారు. పెళ్లిచూపులకి వచ్చిన పెళ్లికొడుకు వీపు ఆమెకి చక్కగా కనబడింది.

"ఒక్క ఆటండీ. అబ్బాయి గుణం తెలుస్తుంది" అన్నాడు రూబెన్ నాతో.

మొదట బాగానే సాగింది. హెన్రీ పైకెళ్లాడు, ఎండలోంచి కిందకి దూకాడు, సరిగ్గా రూబెన్ తోక వెనక తేలాడు. వేలు నొక్కితే చాలు. అప్పుడు గుర్తొచ్చింది వాడికి మర్యాద. పిల్లనిచ్చే ఇంటి పెద్దని వెనకనుంచి ఎలా కాల్చడం?

"ముందు మీరు కాల్చండి, రూబెన్ గారూ."

"అబ్బెబ్బే, భలేవారండీ. ఇంటికొచ్చిన వారు. మీరే కానివ్వండి."

"పెద్దవారండీ మీరు."

"పెద్దేముందండీ, మొహమాటపడకండి."

విందులో చివరి గారె దగ్గర ఇలాగే అవుతుంది. హెన్రీ పక్కకి తిప్పి తన తోక చూపించాడు. రూబెన్ ఇంకా గట్టిగా తిప్పి తన తోక చూపించాడు. నువ్వంటే నువ్వంటూ ఇద్దరూ ఒకటే చుట్లు. చుట్టు చుట్టుకీ కిందనున్న సముద్రం మీదకి దిగుతున్నారు.

"ఒరే హెన్రీ, తిరగకూడదన్నావు కదరా!" అన్నాను ఆగలేక.

"పెద్దాయన కదమ్మా!"

ముందు రూబెన్ పడ్డాడు, వెనకే మావాడు. ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకున్నారు.

పళ్లెంలో టీ మీద మీగడ కట్టింది. "ఎవరు గెలిచారండీ?" అంది రమ్య.

"సముద్రమమ్మా" అన్నాను.

రూబెన్ లేచి చేతులు కట్టుకున్నాడు. "గుణవంతుడండీ అబ్బాయి. కాకపోతే రమ్య వెళ్లిపోతే సెంటర్ చూసేవాళ్లు లేరండీ. ఈ ఏడాదికి ఆగుదామండీ."

ఆగుదామండీ అంటే మా వైపు అర్థం ఏమిటో తెలియనిదెవరికి? ఇంతకు ముందు వచ్చిన వాళ్లనీ ఈ మాటతోనే సాగనంపి ఉంటాడు. పనిచేసే చెల్లెల్ని ఎవరు వదులుకుంటారు? మావాడు ఏమన్నాడో తెలుసా?

"మీరెలా అంటే అలాగేనండీ."

మళ్లీ తిరుగుతున్నాడు దరిద్రుడు. సంబంధం సముద్రంలోకి దిగిపోవడం నా కళ్లకి కనబడుతోంది.

రమ్య పళ్లెం నా ఒళ్లో పెట్టింది. "అన్నయ్యా, లెగు." ఆ కుర్చీలో కూర్చుంది. "హెన్రీ గారూ, మళ్లీ మొదలెట్టండి."

వాడు మొట్టమొదటిసారి ఆమె మొహం చూశాడు. విమానం తిన్నగా వదిలేసి, "ముందు మీరు కాల్చం..." అంటున్నాడు. డి అనేలోపే విమానం ముక్కలైంది. ఆమెకి ఎనర్జీ గురించి ఏమీ తెలీదు. ఎదురుగా మర్యాద చేస్తూ ఒక విమానం కనబడింది, నొక్కింది.

"కాల్చమన్నారు కదండీ" అంది. తర్వాత అన్న వైపు తిరిగింది. "నువ్వు ఆగుదామంటావు, ఈయన అలాగేనంటారు. మీరిలా చుట్లు తిరుగుతుంటే నా తల నెరిసిపోద్ది. సెంటర్ ఎక్కడికీ పోదు, పెళ్లయ్యాకా నేనే చూస్తాను. ఈయనే ఏలూరు రావాలి. వస్తారా అండీ?"

హెన్రీ రూబెన్ వంక చూశాడు, నా వంక చూశాడు.

"ముందు నువ్వే చెప్పరా!" అని కసిరాను.

"వస్తానండీ" అన్నాడు.

రూబెన్ నోరు తెరిచాడు గానీ, రమ్య అప్పటికే నా ఒళ్లోంచి పళ్లెం అందుకుంది. "ఇవి చల్లారిపోయాయి. వేడిగా పెట్టి తెస్తానండీ, అత్తయ్యగారూ."

ఆ ఒక్క పిలుపుతో ఏలూరు సంబంధం ఖాయమైంది.

రూబెన్ ఇప్పుడు కలిదిండిలో మళ్లీ చేపలు పెంచుతున్నాడు. ఆదివారం ఆరాధనయ్యాక వస్తాడు. భోజనాలయ్యాక బావాబావమరుదులు కిందకి దిగి ఆటకి కూర్చుంటారు. నేను పై నుంచి వింటూ ఉంటాను. అండీ, అండీ, అండీ, ఆ తర్వాత నీళ్ల చప్పుడు.

నేతల సత్యవేదం, యాభై తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఉండేది ఏలూరు పవర్‌పేటలో, కోడలి ఇంటర్నెట్ సెంటర్ పైన.