ఉచిత నీటి పరీక్ష

"మెషిన్ నువ్వే తప్పుగా పెట్టి వచ్చావని చెప్పేయమ్మా. ఆడదానివి, నిన్నెవరేమంటారు?" అన్నారు మా అత్తగారు సుబ్బలక్ష్మిగారు. ఇద్దరం వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. ఆవిడ గొంతులో కోపం లేదు. పొయ్యి మీద పాలు చూడు అన్నంత మామూలుగా అన్నారు. నేను కాయ విరిచి, ఈనె లాగి, పళ్ళెంలో వేశాను. ఇంకోటి తీసుకున్నాను. ఇప్పుడు కోపం రావాలి కదా అనుకున్నాను. కాసేపు చూశాను కూడా, వస్తుందేమోనని. రాలేదు.

పొద్దున్నే ఫోనొచ్చింది. పెదపాడు దగ్గర చెరువు కౌలుకు తీసుకుని చేపలు పెంచే ఏసోబు చేశాడు. తెల్లారేసరికి బొచ్చెలూ శీలావతులూ అన్నీ తెల్లగా తేలిపోయాయట. నిన్న మధ్యాహ్నమే ఆ చెరువు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, మా కొట్లో పరీక్ష చేయించుకుని, నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయనిపించుకుని వెళ్ళాడు. సాయంత్రం నాలుగింటికి ఊళ్ళో నలుగురినీ తీసుకుని కొట్టుకు వస్తానన్నాడు. అప్పటికి నేను అక్కడ ఉండాలి. తప్పు నాదని చెప్పాలి. టిఫిన్ల దగ్గర తేల్చిన సంగతి ఇది. నేను ఇడ్లీలు వడ్డిస్తున్నాను.

ఏలూరులో మాది చేపల మేత, మందుల కొట్టు. ఇంట్లో చేప వాసన ఎవరికీ పడదు, వాటి మందులు మాత్రం కొల్లేరు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మేమే అమ్ముతాం. కొట్టు బోర్డు మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో 'ఉచిత నీటి పరీక్ష' అని రాసి ఉంటుంది. ఆ ఉచితం నేనే. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు మావయ్యగారు శ్రీరంగనాయకులుగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "అమ్మాయి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అంటే మన కొట్టుకు పనికొస్తుంది" అన్నారు. మా నాన్న పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు. పెళ్ళయ్యాక ఓసారి జీతం మాటెత్తితే మా ఆయన నరేంద్ర పడీపడీ నవ్వి, "మన కొట్లో మనకి జీతమేంటి భార్గవీ, రేపు వంట చేసినందుకు కూడా అడుగుతావేంటి?" అన్నాడు. నిజమే, అదీ అడగవచ్చని అప్పటిదాకా నాకు తట్టలేదు. పొద్దున్న వంట, పది నుంచి కొట్టు వెనక గదిలో సీసాలు, సాయంత్రం మళ్ళీ వంట. కొట్లో గుమాస్తా లేకపోతే బస్తాల లెక్క కూడా నాదే. "ఇంట్లో కూర్చుంటే బోరు కదా, పాపం దానికి కాలక్షేపం" అంటారు అత్తగారు వచ్చినవాళ్ళతో.

ఆ వెనక గదిలో మెషిన్ ఒకటి ఉంది, పాతది. చెరువు నీళ్ళలో మందు చుక్కలు వేస్తే, అమ్మోనియా ఉన్నకొద్దీ పసుపు ముదురుతుంది. ఆ నీళ్ళ గొట్టం మెషిన్లో పెడితే, ఒక పక్కనుంచి వెలుతురు పంపి, రెండో పక్కకి నూటికి ఎంత దాటి వచ్చిందో తెర మీద చూపిస్తుంది. మనకు కావలసింది దాటింది కాదు, లోపల ఆగిపోయింది. దాన్ని చూపించే బటన్ ఎప్పుడో పోయింది. బాగు చేయించమంటే మావయ్యగారు, "నీకు లెక్కలొచ్చు కదమ్మా, మళ్ళీ దానికో ఖర్చెందుకు?" అన్నారు. అప్పట్నుంచి బటన్ పని కూడా నేనే చేస్తున్నాను. తెర మీది అంకెకు లాగరిథమ్ తీసి, దాన్ని రెండులోంచి తీసేయాలి. వందకు వందా దాటితే ఆగింది సున్నా. యాభై దాటితే సున్నా పాయింట్ మూడు. పది దాటితే ఒకటి. దాన్నిబట్టి అమ్మోనియా ఎంతో తెలుస్తుంది. నాకు నోటికొచ్చేసింది కాబట్టి గదిలోంచే "బాగున్నాయండీ" అనో, "బాగాలేవండీ, నీళ్ళు మార్చాలి" అనో కేకేసేదాన్ని. కౌంటర్ దగ్గర మా ఆయనకు నా మాట వినిపించేది, అంకె కనిపించేది కాదు. మధ్యలో ఒక లెక్క ఉందని ఆయనకు తెలియదు. ఎన్నడూ అడగలేదు.

నిన్న మావయ్యగారి తల్లి తద్దినం. తెల్లవారకముందే తలస్నానం చేసి, తడి చీరతో మడి కట్టుకుని వంటింట్లో దూరాను. ఆ రోజు నేను గడప దాటకూడదు, ఎవరినీ తాకకూడదు, ఫోను కూడా ముట్టకూడదు. గారెలు, పరమాన్నం, పచ్చళ్ళు. బ్రాహ్మలు భోంచేసి లేచేసరికి నడుం నాది కానట్టుంది. ఆ పెద్దావిడను ఫోటోలో తప్ప నేనెప్పుడూ చూసిందే లేదు. మా ఆయన కొట్టు మూస్తే బేరం పోతుందని భోజనం వేళ దాకా అక్కడే ఉన్నాడు. రైతులు సీసాలతో వస్తే, రేపు రమ్మనడం ఎందుకని, తనే చుక్కలు వేసి మెషిన్లో పెట్టాడు. నేను చేస్తుండగా చూసిందే కదా అనుకున్నాడు.

"ఇరవై అని వచ్చింది. షుగర్ టెస్టు లాగా తక్కువుంటే మంచిదే కదా అనుకున్నాను" అన్నాడు పొద్దున.

"తక్కువుంటే చెడ్డదండీ. వెలుతురు దాటలేదని అర్థం."

"ఆ మాట నాకు ముందే చెప్పి చావచ్చుగా?"

చెప్పలేదు కాబట్టి తప్పు నాది. అక్కడ తేలిపోయింది. మావయ్యగారు చెయ్యి కడుక్కుంటూ దానికో రూపం ఇచ్చారు. "పరీక్ష నరేంద్రే చేశాడని ఏసోబుకి ఎలాగూ తెలుసు. కాని మెషిన్ సరిచేసి పెట్టాల్సింది నువ్వు కదమ్మా. ముందురోజు తప్పుగా పెట్టి వెళ్ళానని అను. వాడి మాట పోతే కొట్టు పోతుంది. నీకు బజార్లో పేరుందా, పోవడానికి?" అన్నారు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. లేదండీ అన్నాను.

ఆ మెషిన్లో ఒక సంగతి ఉంది. వెలుతురు పది నుంచి ఒకటికి పడితే, ఆగిపోయింది ఒకటి నుంచి రెండవుతుంది. ఆ తర్వాత నీళ్ళు ఎంత ముదిరినా తెర మీద పెద్ద తేడా ఉండదు, సున్నా దగ్గరే వేలాడుతూ ఉంటుంది. లోపల రెట్టింపైనా పైకి అదే సున్నా. మా అత్తగారు పేరంటాల్లో, "మా కోడలు ఏమన్నా పట్టించుకోదండీ, బంగారం" అని చెప్పుకుంటారు. చిక్కుడుకాయల పళ్ళెం ముందు కూర్చుని నాకు అది గుర్తొచ్చింది. పట్టించుకోకపోవడం కాదు. అంకె అడుక్కి ఆనిపోయింది, అంతే. సరే, చెప్పేద్దాం అనుకున్నాను. ఒక మాటే కదా. ఇన్ని మింగినదాన్ని.

మూడున్నరకి మా ఆయన బండి మీద కొట్టుకు వెళ్తున్నాం. ఫైర్ స్టేషన్ సెంటర్ దగ్గర బండి ఆగినప్పుడు ఊరికే అడిగాను.

"నిన్న ఏసోబుకి కాక ఇంకెవరికైనా చూశారా?"

"నలుగురైదుగురు వచ్చారు. ఎందుకు?"

"వాళ్ళకేం చెప్పారు?"

"అంకె ఎక్కువొచ్చిన ఇద్దరికి మందు ఇచ్చాను. మిగతావాళ్ళకి బాగుందని చెప్పాను. ఇప్పుడవన్నీ తవ్వకు భార్గవీ, నీకు దణ్ణం పెడతాను. ఒకడితో పోయేదాన్ని ఊరంతా చేయకు."

బండి కదిలింది. బాగున్న నీళ్ళకు మందు పోయించాడు. చెడిన నీళ్ళను బాగున్నాయన్నాడు. నేను మెషిన్ తప్పుగా పెట్టానని ఒక్కమాట అంటే ఏసోబు గొడవ అక్కడితో ముగుస్తుంది, ఇంకెవరూ ఏమీ అడగరు. ఈ రాత్రికి ఇంకో రెండు మూడు చెరువులు తేలిపోతాయి. నేను మింగితే నాలోనే ఉండిపోతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. భయమేసింది. ఏదో ఒకటి వేసినందుకు ఆశ్చర్యం కూడా వేసింది.

ఏసోబు అప్పటికే ఊళ్ళోవాళ్ళతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీరు చూస్తారనే ధైర్యంతో ఇక్కడికి వస్తామండి. నిన్న మీరు లేరని తెలిసి కూడా ఆగలేదు నేను" అన్నాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

మావయ్యగారు గొంతు సవరించుకున్నారు. "కోడలు చెప్తుంది ఏసోబూ, విను. పొరపాటు ఎక్కడ జరిగిందో అది చెప్తుంది."

"మెషిన్ బాగానే ఉందండీ" అన్నాను. "నిన్న నేను తద్దినం వంటలో ఉన్నాను. మా ఆయనకు ఆ అంకె చదవడం రాదు. మీ నీళ్ళు నిన్ననే చెడిపోయి ఉన్నాయి. బాగున్నాయని చెప్పాం."

మా ఆయన పళ్ళు కొరుకుతూ, "ఇంటికి పద, మాట్లాడదాం" అన్నాడు. నేను వెనక గదిలోకి వెళ్ళాను. రైతుల వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను, కొత్త మందుల ఫోటోలు పెట్టడానికి. అందులో నా గొంతు ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పాను. "నిన్న మా కొట్లో నీళ్ళు చూపించుకున్నవాళ్ళందరికీ తప్పు చెప్పామండీ. అంకె తక్కువని, బాగుందని ఎవరికి చెప్పామో, ఆ చెరువులు ప్రమాదంలో ఉన్నాయి. నాకు వెంటనే ఫోన్ చేయండి. నా పేరు భార్గవి."

మా ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి అది వెళ్ళిపోయింది. ఆయన ఫోనులో నా గొంతు మళ్ళీ మొదట్నుంచీ వినిపించింది. "తీసెయ్ దాన్ని. ఫోనిటివ్వు" అన్నాడు, చెయ్యి చాచి. నా చేతిలో ఫోను మోగింది. దెందులూరు నుంచి రామలక్ష్మి అనే ఆవిడ. మొగుడు పోయాక చెరువు తనే చూసుకుంటోంది.

"అమ్మా, నాకు పద్దెనిమిది అన్నారమ్మా. చాలా బాగుందన్నారు."

"చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా అండీ?"

"ఇందాకట్నుంచీ తెరుస్తున్నాయమ్మా. ఆకలేమోనని మేత వేయిస్తున్నాను."

"మేత ఆపెయ్యండి. సున్నం చల్లకండి, అమ్మోనియా ఇంకా విషమవుతుంది. ఇంజను పెట్టి కొత్త నీళ్ళు వదలండి, ఇప్పుడే."

"మీరు ఫోను పెట్టేయకండమ్మా, నాకు భయంగా ఉంది" అంది. అవతల ఆవిడ గట్టు మీద పరుగెత్తుతున్న చప్పుడు. ఇవతల మా ఆయన చెయ్యి ఇంకా చాచే ఉంది.

"పెట్టనండీ" అన్నాను, ఆయన ముఖంలోకి చూస్తూ.