ఉమాశంకర్ నేర్పిన పని

ఉమాశంకర్ ఇరవై రెండేళ్లు వెల్డింగు చేశాడు. నిమ్‌పురా రైల్వే యార్డుకి అవతల ఒక ప్రైవేటు కార్ఖానాలో వ్యాగన్లకి ఉక్కు చట్రాలు తయారయ్యేవి. అతను వేసిన అతుకు మీద వేలితో రాస్తే ఎక్కడా గరుకు తగిలేది కాదు. తండ్రి నూకయ్య పలాస దగ్గరి పల్లె నుంచి రాష్ట్రం దాటి ఈ ఊరొచ్చి, ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో వెల్డరుగా రిటైరైనవాడు. ఇద్దరు కొడుకులకీ తన పనే నేర్పబోయాడు. పెద్దవాడికి వచ్చింది. చిన్నవాడు కిరణ్‌కుమార్ చెయ్యి ఒకచోట నిలిచేది కాదు. వాడికి ఈ పని రాదనీ, మానిపించెయ్యమనీ తండ్రికి చెప్పింది ఉమాశంకరే. కిరణ్ పైపుల పనిలోకి వెళ్లి ప్లంబరయ్యాడు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే, మా తమ్ముడు కుళాయిలు బాగుచేస్తాడు అని ఉమాశంకర్ చిన్నగా నవ్వేవాడు. ఆ నవ్వు కిరణ్‌కి వినబడుతుందని తెలిసే నవ్వేవాడు.

పోయిన ఏడాది దుర్గాపూజ సెలవులు అయ్యాక కార్ఖానాలోకి వెల్డింగు యంత్రం దిగింది. నాలుగైదు చోట్ల వంగే ఇనప చెయ్యి. దాన్ని పట్టుకుని అతుకు వెంట ఒకసారి నడిపిస్తే చాలు, గుర్తు పెట్టుకుని తర్వాత తనంతట తనే చేసుకుపోతుంది. నడిపించడానికి మంచి పనివాడు కావాలన్నారు. మేనేజరు ఉమాశంకర్ భుజం మీద చెయ్యి వేసి, ఈ కార్ఖానాలో నీకంటే మంచి చెయ్యి ఎవరిదని అడిగాడు. ఉమాశంకర్ పొంగిపోయాడు. మూడు వారాలు దగ్గరుండి చట్రం మొత్తం నేర్పాడు.

నెల తిరక్కుండా ఆ షెడ్డులో తొమ్మిదిమంది వెల్డర్లకి ఎనిమిదిమందిని పంపేశారు. వాళ్లలో సొలొమోను అతనితో పాటే పనిలో చేరినవాడు. గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి, ఉమాశంకర్ చేతుల వైపు ఒకసారి చూసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఉమాశంకర్‌ని ఉంచారు, కానీ వెల్డరుగా కాదు. ఇనప ముక్కలు అమర్చి, పచ్చ మీట నొక్కి, పక్కకి తప్పుకోవాలి. ఇరవై నాలుగు వేల జీతం పదిహేనైంది.

వేసవిలో ప్రణవి అనే అమ్మాయి అన్నదమ్ములు ఉండే ట్రాఫిక్ కాలనీకి వచ్చింది. వాళ్లది ఖమ్మం. ఈ ఊళ్లోని పెద్ద ఇంజనీరింగు కాలేజీలో చదువుతోంది. వెల్డరు, ప్లంబరు, ఈ రెండు పనుల్లో యంత్రం ముందుగా దేన్ని లాక్కుంటుందో, ఎవరికెంత ముడుతుందో కనుక్కుని రాయాలట. అన్నదమ్ములవి పక్కపక్క ఇళ్లే కాబట్టి ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి అడిగింది.

రోజూ చేసే పని ఒకేలా ఉంటుందా అంటే ఉమాశంకర్ అవునన్నాడు. నూరో అతుకు కూడా మొదటి అతుకులాగే ఉండాలనీ, పనితనమంటే అదేననీ గర్వంగా చెప్పాడు. ఆమె తలవంచుకుని రాసుకుంటుంటే, తను ఏం చెప్పాడో అతనికి అప్పుడు తెలిసొచ్చింది. కిరణ్ మాత్రం ఏ రెండిళ్లూ ఒకేలా ఉండవన్నాడు. పాత ఇళ్లలో పైపు ఎటు పోయిందో కట్టినవాడికే తెలియదట, గోడకి చెవి ఆనించి వినాలట.

సంపాదన అడిగినప్పుడు ఉమాశంకర్ పదిహేనని చెప్పాడు. కిరణ్ అన్నవైపు చూడకుండా తనకీ అంతేనన్నాడు.

"తప్పు రాయకు తల్లీ," అన్నాడు ఉమాశంకర్. "ఆడికి నెలకి నలబై వొస్తాది."

"ఇప్పుడదెందుకు అన్నియ్యా?"

"నా మీద జాలి పడ్డానికి నువ్వెవడివిరా?"

ప్రణవి కలం ఆపింది. యంత్రం ముందు ఎవరి పని తీసుకుంటుందని ఉమాశంకర్ ఆమెనే అడిగాడు.

"ఒకేలా ఉండే పనిని ముందు తీసుకుంటుంది అంకుల్. మీ పనితనం తక్కువని కాదు."

"తక్కువైతే బాగున్ను," అన్నాడతను.

వారం పోయాక కిరణే వచ్చి, పని ఎక్కువైంది, తోడు రమ్మన్నాడు. రోజుకి ఎనిమిది వందలు. ఉమాశంకర్ సెలవు పెట్టి వెళ్లాడు. ఊళ్లోనే పూరీ గేట్ దగ్గర పాత మేడ. వంటగట్టు కింద అరలోకి దూరి, వెల్లకిలా పడుకుని, కంటికి కనపడని నట్టుని వేళ్లతో తడిమి విప్పాలి. నిప్పురవ్వల వెలుగులో చూసి చేసే పనివాడికి ఆ చీకట్లో వేళ్లు ఏమీ చెప్పలేదు. బలం కొద్దీ తిప్పేసరికి పైపు విరిగింది. నీళ్లు వంటిల్లంతా పారాయి. ఇంటావిడ కేకలేసింది. తప్పు తనదేనని కిరణ్ ఆ దీదీకి చెప్పుకుని, అరగంటలో బాగుచేశాడు.

తిరిగొస్తూ ఎనిమిది వందలూ ఇవ్వబోతే ఉమాశంకర్ తీసుకోలేదు.

"నాకీ పని రాదురా."

కిరణ్ స్కూటరు ఆపాడు. "ఆ మాట నాకు పద్దెనిమిదో ఏట సెప్పినావు అన్నియ్యా. ఇంట్లో అందరి ముందూ సెప్పినావు. నీకు నాను సెప్పనేదు, సూడు."

ఉమాశంకర్ దిగి, మిగతా దారి నడిచి వెళ్లాడు. ఆ తర్వాత తమ్ముడి ఇంటి గడప తొక్కలేదు.

వానలు పడుతుండగా రెండో షెడ్డుకి రెండో యంత్రం వచ్చింది. మూడు వారాలు నేర్పితే ఎనిమిది వేలు విడిగా ఇస్తామన్నారు. ఉమాశంకర్ ఒప్పుకున్నాడు. ఈసారి తప్పు నేర్పాలనుకున్నాడు. మూలల దగ్గర కాస్త ముందే చెయ్యి లేపేస్తే చాలు, పైకి బాగానే కనబడుతుంది, లోపల డొల్ల మిగులుతుంది. పరీక్షలో చట్రాలన్నీ తిరగ్గొడతారు. ఇనప చెయ్యి పట్టుకుని మూలకి వచ్చాడు. అతని చెయ్యి ఆగవలసినంత సేపూ ఆగింది. రెండో మూల దగ్గర పళ్లు బిగించి లేపబోయాడు. అక్కడా ఆగింది. మధ్యాహ్నానికి ఒక చట్రం పూర్తయింది. వేలితో రాస్తే అతుకు ఎక్కడా గరుకు తగల్లేదు.

సాయంత్రం మేనేజరు కాగితం తీసి, ఈ షెడ్డులో ఒక్కణ్ణి ఉంచాలి, ఎవరిని ఉంచమంటావని అడిగాడు. షెడ్డులో వెల్డర్లు పదకొండు మంది. ఉమాశంకర్ ఎవరి పేరూ చెప్పలేదు. మేనేజరు తనే ఒక పేరు రాసుకున్నాడు.